మారాం వెనక ఏముందో.. రాసిపెట్టండి!

యాప్ క్రాష్ అయితే ఏం చేస్తాం? ఎర్రర్ లాగ్ తెరుస్తాం. ఎప్పుడు ఆగిందో, దానికి ముందు ఏం జరిగిందో చూస్తాం. మరి ఇంట్లో ఏడేళ్ల తమ్ముడో, అక్క కొడుకో కిందపడి అరిస్తే? ‘వీడు మొండి’ అని ఒక్క మాటలో తేల్చేస్తాం. బడిలోనూ అదే ముద్ర. మెల్లగా తోటి పిల్లలు ఆటల్లో కలుపుకోరు, పుట్టినరోజులకు పిలవరు. నలుగురితో ఎలా మెలగాలో నేర్చుకోవాల్సిన పిల్లాడికి ఆ నలుగురే దూరమైపోతారు.

పిల్లలు యంత్రాలు కారు, నిజమే. కానీ లాగ్ రాసే అలవాటు ఇక్కడా పనికొస్తుంది. ప్రవర్తనా నిపుణులు వాడే ‘ఏబీసీ చార్ట్’ ఇలాంటిదే. అమ్మానాన్నలకు తీరిక లేకపోతే ఆ పని మీరు తీసుకోవచ్చు.

మూడు గడులు.. రెండు వారాలు

నోట్‌బుక్‌లో మూడు గడులు గీయండి. ముందు ఏం జరిగింది? పిల్లాడు ఏం చేశాడు? తర్వాత మనం ఏం చేశాం? పక్కనే టైమ్ వేయండి. ‘పొగరు చూపించాడు’ లాంటి తీర్పులొద్దు. ‘రిమోట్ విసిరాడు, పది నిమిషాలు ఏడ్చాడు’ అని కళ్లతో చూసిందే రాయండి.

ఉదాహరణకు, రాత్రి 8 గంటలకు అన్నానికి పిలుస్తూ చేతిలో ఫోన్ లాగేశారు. అరిచాడు. నానమ్మ చూడలేక మళ్లీ ఇచ్చేసింది. నాలుగు రోజులు ఇదే కనిపిస్తే సంగతి తెలిసిపోతుంది. ఆట మధ్యలో ఉన్నట్టుండి ఆపడం వాడివల్ల కావట్లేదు. పైగా అరిస్తే ఫోన్ తిరిగొస్తుందని నేర్చుకున్నాడు.

ఇప్పుడు మార్చాల్సింది ‘ముందు’ గడిని. ఐదు నిమిషాల ముందే చెప్పండి, టైమర్ వాడికి కనిపించేలా పెట్టండి. ‘ఫోన్ పెట్టెయ్’ అనే బదులు ‘ఫోన్ ఇక్కడ పెట్టి, కంచాలు పట్రా’ అంటే తర్వాత ఏం చేయాలో తెలుస్తుంది. ఇస్తే అక్కడికక్కడే మెచ్చుకోండి. అరిస్తే మాత్రం ఫోన్ ఇవ్వకూడదు. ఈ మాట మీద నానమ్మతో సహా అందరూ ఉండాలి. మొదట్లో ఏడుపు పెరగొచ్చు. అప్పుడు లొంగిపోతే ఇంకా గట్టిగా ఏడిస్తే పనవుతుందని మనమే నేర్పినట్టు!

స్నేహానికీ ప్రాక్టీస్

ఆటలో ఎలా చేరాలో, ఓడిపోతే ఏం చేయాలో కొందరు పిల్లలకు చూసి రాదు, విడిగా నేర్పాలి. ‘నేనూ ఆడొచ్చా?’ అని అడగడం ఇంట్లోనే మీతో ప్రాక్టీస్ చేయించండి. వైకుంఠపాళి ఆడుతూ కావాలని ఓడిపోండి. ‘పోన్లే, ఇంకో ఆట ఆడదాం’ అని వాడికి వినిపించేలా అనండి. తర్వాత పదిమందిలోకి తోసేయకుండా, నెమ్మదస్తుడైన ఒక్క పిల్లాణ్ని ఇంటికి పిలవండి. అరగంట చాలు. ఆట బాగా సాగుతున్నప్పుడే ముగించేయండి.

మీరే పేరు పెట్టేయొద్దు

రీల్స్ చూసి ‘వీడికి ఆటిజం’, ‘వీడికి ఏడీహెచ్‌డీ’ అనేయకండి. వచ్చిన మాటలు పోయినా, తనను తాను గాయపరచుకుంటున్నా, ఇంట్లోనూ బడిలోనూ ఇబ్బంది పడుతున్నా పిల్లల డాక్టర్‌ను కలవాలి. పిలిస్తే పలకని పిల్లలకు వినికిడి పరీక్ష తప్పనిసరి. జిల్లా ఆసుపత్రుల్లోని డీఈఐసీ కేంద్రాల్లో ఎదుగుదల సమస్యలకు పరీక్షలు చేస్తారు. ఇంట్లోవాళ్లకు దిగులు ఎక్కువైతే టెలి మానస్ 14416కు ఉచితంగా కాల్ చేయొచ్చు. డాక్టర్ దగ్గరికి మీ నోట్‌బుక్ కూడా పట్టుకెళ్లండి. ‘ఎప్పుడూ అరుస్తాడు సార్’ అనే మాటకన్నా రెండు వారాల రాత ఎక్కువ చెబుతుంది.

నచ్చితే.. ఇదే కెరియర్

ఈ పని మీకు ఆసక్తిగా అనిపించిందా? స్పెషల్ ఎడ్యుకేషన్‌లో డిప్లొమా, బీఈడీ కోర్సులున్నాయి. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోని ఎన్ఐఈపీఐడీ ఈ రంగంలో జాతీయ సంస్థ. స్పీచ్ థెరపీ, క్లినికల్ సైకాలజీ మరో రెండు దారులు. చేరేముందు ఆ కోర్సుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తింపు ఉందో లేదో కచ్చితంగా చూసుకోండి. 1992 నాటి చట్టం ప్రకారం స్పెషల్ ఎడ్యుకేటర్‌గా పనిచేయాలంటే అక్కడ రిజిస్టర్ కావాలి.

కోర్సు సంగతి తర్వాత. ముందు ఇవాళ రాత్రి ఒక పేజీలో మూడు గడులు గీయండి. మొదటి వరుసలో వాడు బుద్ధిగా ఉన్న ఒక సందర్భం రాయండి. అప్పుడు ఏం కుదిరిందో కూడా తెలియాలిగా!