నల్లపొడిలో నానోట్యూబ్ ఎంత, మసి ఎంత? లేజర్‌తో ఇలా తేలుస్తారు!

సీతమ్మధార, విశాఖపట్నం: చూడ్డానికి దీపం మసికీ, కార్బన్ నానోట్యూబ్ పొడికీ పెద్దగా తేడా ఉండదు. కానీ ఒకటి తుడిచి పారేసేది, ఇంకొకటి గ్రాముల లెక్కన కొనేది. లిథియం అయాన్ బ్యాటరీల్లో కరెంట్ సాఫీగా పారడానికి దీన్ని కలుపుతారు. మరి డబ్బాలో ఉన్నది అసలు సరుకేనా? తేల్చే పద్ధతుల్లో ముఖ్యమైనది రామన్ స్పెక్ట్రోస్కోపీ.

ఆ పేరుకి మన విశాఖతో లింక్ ఉంది. సర్ సి.వి. రామన్ చిన్నప్పుడు చదివింది ఇక్కడి సెయింట్ అలోసియస్ స్కూల్లోనే. ఆయన తండ్రి ఏవీఎన్ కాలేజీలో లెక్చరర్. 1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో బయటపడ్డ రామన్ ఎఫెక్ట్‌కి 1930లో నోబెల్ వచ్చింది.

ఎలా పనిచేస్తుంది?

పొడి మీద లేజర్ వేస్తే చెదిరిన కాంతిలో దాదాపు అంతా అదే రంగులో తిరిగొస్తుంది. చాలా కొద్ది భాగం మాత్రం రంగు మార్చుకుంటుంది. ఆ మార్పే లోపలి అణువులు ఎలా కంపిస్తున్నాయో చెబుతుంది. గ్రాఫ్‌లో మూడు చోట్ల చూడాలి.

* 1590 దగ్గర జీ శిఖరం: కార్బన్ అణువులు తేనెపట్టు గళ్లలా వరుసగా ఉన్నాయని అర్థం.
* 1350 దగ్గర డీ శిఖరం: గోడల్లో లోపాలు, లేదా మసి లాంటి కార్బన్ ఉందని అర్థం.
* 100 నుంచి 300 మధ్య చిన్న శిఖరాలు: ఒకే గోడ ఉన్న ట్యూబ్ ఊపిరి తీసినట్టు ఉబ్బి తగ్గే కంపనం. దీన్నిబట్టి ట్యూబ్ ఎంత సన్నమో లెక్కేస్తారు.

జీ ఎత్తుని డీ ఎత్తుతో భాగిస్తారు. ఎంత ఎక్కువ వస్తే ట్యూబులు అంత మేలు.

ఇక్కడే పొరపాటు!

ఈ ఒక్క నంబర్ చూసి 'ప్యూర్' అనేస్తే తప్పులో కాలేసినట్టే. తయారీలో వాడిన ఇనుము, కోబాల్ట్, నికెల్ రేణువులు ఈ లెక్కలోకి రావు. వాటి కోసం పొడిని గాలిలో 800 డిగ్రీలు దాటించి కాలుస్తారు. కార్బన్ కాలిపోతుంది, మిగిలిన బూడిదని తూస్తారు.

ఇంకో తిరకాసు ఉంది. లోహం తీయడానికి ఘాటైన నైట్రిక్ యాసిడ్‌తో కడిగితే ట్యూబ్ గోడలూ దెబ్బతినొచ్చు. అంటే లోహం తగ్గుతుంది, డీ శిఖరం పెరుగుతుంది. ఒక పరీక్షలో పాసైన సరుకు ఇంకోదాంట్లో ఫెయిల్ అన్నమాట.

లేజర్ రంగు మారితే శిఖరాలూ మారతాయి. కాబట్టి రెండు శాంపిల్స్‌ని ఒకే లేజర్‌తో, తక్కువ పవర్‌లో, చాలా చోట్ల కొలిచి పోల్చాలి.

ప్రాజెక్ట్ కోసం కొనే స్టూడెంట్స్ గుర్తుంచుకోండి. లేబుల్ మీద 99 శాతం అని ఉంటే అమ్మేవాళ్లని మూడు అడగండి: ఏ లేజర్‌తో చూశారు? ఎన్ని చోట్ల కొలిచారు? కాల్చాక బూడిద ఎంత మిగిలింది?