మంట వెలిగిందని పొయ్యికి ఎలా తెలుస్తుంది?

కెనడాలోని విన్నిపెగ్ నగరంలో జనవరి రాత్రులలో చలి సున్నకు 20 డిగ్రీల కిందికి దిగుతుంది. అందుచేత అక్కడ చాలా ఇళ్ళలో ఫర్నేస్ అనే గాస్ పొయ్యి వుంటుంది. అది వేడిచేసిన గాలిని ఒక ఫాన్ గదులకు పంపుతుంది. కొత్తరకం ఫర్నేసులు చలినిబట్టి మంటను వాటంతట అవే పెంచుకుంటాయి, తగ్గించుకుంటాయి.

అయితే, పొయ్యికి కళ్ళు లేవు గదా! మంట ఆరిపోయినా గాస్ వస్తూనే వుంటే ఇల్లే పేలిపోవచ్చు. అందుకని మంటలో ఒక సన్నని లోహపు కడ్డీ వుంచుతారు. మీకు వింతగా తోచవచ్చుగాని, మంటగుండా విద్యుత్తు ప్రవహిస్తుంది! కడ్డీకి అటూ ఇటూ దిక్కు మారే విద్యుత్తు పంపితే, మంట దానిని దాదాపు ఒకే దిక్కుగా పోనిస్తుంది. కడ్డీ పొరపాటున పొయ్యి ఇనుముకు తగిలితే మాత్రం రెండు దిక్కులా పోతుంది. కనక పొయ్యి మోసపోదు. ఒకే దిక్కుగా పోతేనే మంట వున్నట్టు. లేకుంటే కొద్ది సెకండ్లలోనే గాస్ ఆగిపోతుంది.

ఈ విద్యుత్తు ఎంతో తెలుసా? ఆంపియరులో పదిలక్షలవ వంతును మైక్రో ఆంపియరు అంటారు. అటువంటివి కొన్ని మాత్రమే! కడ్డీకి పలుచని పొర పట్టినా చాలు, ఆ కాస్తా తగ్గిపోతుంది. మంట చక్కగా వెలిగినా, వెలగలేదనుకుని పొయ్యి గాస్ ఆపేస్తుంది.

అప్పుడు మెకానిక్ వస్తాడు. కరెంటూ, గాసూ కట్టేసి, కడ్డీ వూడదీసి, సన్నని ఉక్కు పీచుతో రుద్దుతాడు. మళ్ళీ బిగించి, మీటరు కలిపి, పెద్ద మంటలోనూ చిన్న మంటలోనూ ఎన్ని మైక్రో ఆంపియర్లు వస్తున్నాయో చూస్తాడు. చిన్న మంటనూ కడ్డీ గుర్తించాలి గదా! రుద్దడానికి రెండు నిమిషాలు పట్టదు. ఆ పని జరగకనే ఇంటిల్లిపాదీ రాత్రంతా కంబళ్ళలో వణికివుంటారు!