‘సూపర్’ అన్నాక ఇంకేం చెప్పాలి?

గుర్రపుడెక్క తెలియనివాళ్లు కృష్ణా డెల్టాలో ఉండరు. కాలవలో నీళ్లు కనిపించకుండా కమ్మేసి, పారుదలకు అడ్డంపడి, రైతుల చేత నానా తిట్లూ తింటుంది. ఎక్కడో దక్షిణ అమెరికా నుంచి వచ్చి మన కాలవల్లో తిష్ఠవేసిన మొక్క ఇది. కానీ పూసిందంటే... లేత ఊదారంగు గుత్తి, ఒక్కో పువ్వుకీ ఆరు రేకులు, పైరేకు మీద నెమలికన్నులాంటి మచ్చ, ఆ మచ్చ మధ్యలో పసుప్పచ్చ చుక్క! బందరులోనో గుడివాడలోనో కొత్తగా కెమెరా కొన్నవాళ్లు కాలవగట్టున ఆగి ఓ క్లిక్కు కొట్టకుండా ముందుకెళ్లడం కష్టమే.

అసలు సంగతి ఆ తరవాతే మొదలవుతుంది. ఆ ఫొటోని నలుగురికీ చూపిస్తారు. ‘సూపర్!’ అంటాడొకడు. ‘అదిరింది గురూ’ అంటాడింకొకడు. మూడోవాడు పరీక్షగా చూసి ‘ఏంటిది, మసగ్గా ఉంది? మావాడు సెల్‌ఫోన్‌తో ఇంతకన్నా బాగా తీస్తాడు’ అని పెదవి విరుస్తాడు. ఆ ముగ్గురి వల్లా ఫొటో తీసినవాళ్లకి ఒరిగిందేమీ లేదు. మొదటి ఇద్దరినీ నమ్మితే పదేళ్లయినా ఆ పువ్వుని అలాగే తీస్తుంటారు. మూడోవాడి మాట పట్టించుకుంటే కెమెరా బీరువా ఎక్కుతుంది.

పోనీ పోటీలకు పంపిద్దామా అంటే, అక్కడా పెద్ద తేడా లేదు. న్యాయనిర్ణేతలు ఒక్కో ఫొటోకీ సెకన్లలో మార్కులు వేసుకుంటూ పోతారు. వెనక్కి వచ్చేది ఒక అంకె. ఎందుకు ఎంపిక కాలేదో ఆ అంకె చెప్పదు. చెప్పాల్సింది పక్కనున్న సాటి సరదాగాళ్లే!

మసక ఒకటే... కారణాలు మూడు

సాటివాళ్ల ఫొటో గురించి చెప్పేటప్పుడు తీర్పుకన్నా ముందు చెప్పాల్సింది మన కన్ను ఎటు పోయిందన్నది. ‘ముందు పసుపు చుక్క దగ్గరికి వెళ్లింది. కానీ కుడి మూలనున్న తెల్ల ప్లాస్టిక్ కవరు వెంటనే లాగేసింది’... ఇది పొగడ్తా కాదు, తెగడ్తా కాదు. చూసింది చూసినట్టు చెప్పడం. తీసేటప్పుడు పువ్వు ధ్యాసలో పడి ఆ కవరును ఆయన చూసి ఉండకపోవచ్చు. రెండడుగులు ఎడమకి జరిగితే కవరు ఉండదని కూడా చెబితే ఇంకా మంచిది.

‘మసగ్గా ఉంది’ అన్న మాట తీసుకోండి. నిజమే కావచ్చు. కానీ దాంతో ఎవరైనా ఏం చేసుకుంటారు? ఫొటో మొత్తం, గట్టుతో సహా ఒకే తీరున అలికినట్టుంటే చెయ్యి కదిలిందన్నమాట. షట్టర్ వేగం పెంచాలి, లేదా ట్రైపాడ్ వాడాలి. వెనకున్న ఆకులు స్పష్టంగా ఉండి పువ్వు మాత్రమే మెత్తబడితే ఫోకస్ వెనక్కి జారింది. కాడ అడుగు బాగానే ఉండి గుత్తి ఊగినట్టు కనిపిస్తే అది గాలి చేసిన పని. కారణాన్ని బట్టి మందు. ఒకదాని మందు ఇంకోదానికి పనిచెయ్యదు.

నాలుగోది కూడా ఉంది. ముందు రేకు అద్దంలా ఉంటుంది, మచ్చ ఉన్న పైరేకు మాత్రం మసకబారుతుంది. దగ్గర్నుంచి తీసేటప్పుడు స్పష్టంగా వచ్చే లోతు చాలా తక్కువ. ఎపర్చర్ 2.8లో ఉంటే 8కి మార్చి చూడమనాలి. అలా మారిస్తే వెలుతురు తగ్గి షట్టర్ నెమ్మదిస్తుంది. అప్పుడు చిన్న గాలికే పువ్వు అలికిపోతుంది. కాబట్టి గాలి లేవకముందే, తెల్లవారుతూనే వెళ్లాలి. ఇంత కథ ఉంది, ‘మసగ్గా ఉంది’ అన్న రెండు మాటల వెనక.

రంగుల సంగతీ అంతే. పచ్చటి వరిచేలో తెల్లకొంగను తీస్తే అది సున్నం ముద్దలా వస్తుంటుంది. ఈకల గీతలేవీ కనిపించవు. కెమెరా మీటర్ చేను పచ్చదనాన్ని చూసి వెలుతురు పెంచేస్తుంది, కొంగ తెలుపు కాలిపోతుంది. ఎక్స్‌పోజర్‌ని మైనస్ వైపు ఓ మెట్టు దించమని చెబితే మర్నాటికే తేడా తెలుస్తుంది. ఎర్ర మందారానిది ఇంకో తంటా. ఎండలో తీస్తే రేకుల మీది ఈనెలన్నీ పోయి ఎర్ర గుడ్డముక్క అతికించినట్టుంటుంది. నీడలో తీస్తే ఈనెలు తిరిగొస్తాయి.

పేరు కూడా ఫొటోలో భాగమే. కొల్లేరు వైపు తీసిన కలువ ఫొటో కింద ‘తామర’ అని రాసేవాళ్లు ఎంతోమంది. కలువాకు నీటి మీద తేలుతుంది, ఒకవైపు చీలిక ఉంటుంది. తామరాకు గుండ్రంగా ఉండి కాడ మీద నీటికి పైకి లేస్తుంది. ‘ఆకు చూడండి మాస్టారూ, ఇది కలువేమో!’ అని నెమ్మదిగా అంటే ఎవరూ నొచ్చుకోరు. పదిమంది ముందు పకపకా నవ్వితే మాత్రం ఆ మాస్టారు మళ్లీ ఫొటో చూపించరు. మనవైపు ‘అండీ’ అన్న ఒక్క మాటతో సగం చేదు విరిగిపోతుంది. మిగతా సగం పక్కకి పిలిచి చెబితే పోతుంది.

రాత్రంతా నిద్రపట్టని గురువు

తప్పు చెప్పడంలోనూ తప్పు జరగొచ్చు. చిత్రకళలో దీనికో ప్రసిద్ధమైన ఉదంతం ఉంది. నందలాల్ బోస్ తపస్సులో ఉన్న ఉమను చిత్రించి గురువు అవనీంద్రనాథ్ ఠాగూర్‌కి చూపించారు. ‘రంగులు తక్కువయ్యాయి, ఉమకి కాస్త అలంకారం చెయ్యి’ అన్నారు గురువు. ఇంటికెళ్లాక ఆయనకి నిద్రపట్టలేదు. తపస్సు చేసుకునే ఉమకి అలంకారమేంటి? తెల్లవారుతూనే శిష్యుడి దగ్గరికి పరుగెత్తారు. అప్పటికే నందలాల్ రంగులు పట్టుకుని కూర్చున్నారు. ‘వద్దు, ముట్టుకోవద్దు’ అని ఆపేశారు. తరవాత ఆ సంగతిని అవనీంద్రుడే తన జ్ఞాపకాల్లో చెప్పుకున్నారు.

ఆ బెంగాలు గాలి బందరుకీ తగిలింది. కోపల్లె హనుమంతరావు స్థాపించిన ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోద్ కుమార్ చటర్జీ చిత్రకళ నేర్పారు. అడివి బాపిరాజు ఆయన శిష్యుడే. శిష్యుడి బొమ్మ పక్కన గురువు కూర్చుని చూడటమన్నది ఈ ఊరికి కొత్తకాదు.

గురువుగారి పొరపాటు ఎక్కడుందంటే, ఉమ ఎందుకలా ఉందో అడగకుండానే సలహా ఇచ్చేశారు. అమెరికా నాట్యకారిణి లిజ్ లెర్మన్ 1990లో రూపొందించిన పద్ధతిలో ఈ అడగడానికే పెద్దపీట. చూసినవాళ్లు ముందు తమకేం అనిపించిందో చెబుతారు. తరవాత ప్రశ్నలు అడిగే వంతు కళాకారుడిది. అభిప్రాయం చెప్పడం ఆఖర్న, అదీ ‘ఫలానా విషయం మీద ఒక మాట చెప్పనా?’ అని అనుమతి తీసుకున్నాక. మన దగ్గర ‘ఏమీ అనుకోకపోతే ఒక మాట’ అంటూనే అవతలివాళ్లు తలూపేలోగా నాలుగు అంటించేస్తారు. అది అనుమతి లెక్కలోకి రాదు!

అడగాల్సిన మొదటి ప్రశ్న ‘ఈ ఫొటో ఎందుకోసం?’ ఇంటి గోడకైతే అడ్డొచ్చిన పుల్లను కంప్యూటర్లో చెరిపేయమని చెప్పొచ్చు. నేచర్ విభాగం పోటీకైతే అదే సలహా కొంప ముంచుతుంది. అంతర్జాతీయ ఫొటోగ్రఫీ సమాఖ్య ఫియాప్, అమెరికా ఫొటోగ్రఫిక్ సొసైటీ, బ్రిటన్‌లోని రాయల్ ఫొటోగ్రఫిక్ సొసైటీ కలిసి 2014లో నేచర్ ఫొటోకి ఒక నిర్వచనం ఒప్పుకున్నాయి. దాని ప్రకారం ఉన్నదాన్ని చెరపకూడదు, లేనిదాన్ని కలపకూడదు. మనిషి పెంచిన తోటమొక్కలు, సంకరజాతి పూలు అసలు లెక్కలోకే రావు. కుండీలో గులాబీ ఎంత ముద్దొచ్చినా అంతే. ఇంట్లో చీదరించుకునే కాలవగట్టు పూలకి అక్కడ చోటుంది.

మరోవైపు, కృష్ణా అభయారణ్యంలోని మడచెట్ల మధ్య ఎవరికైనా బావురుపిల్లి కంటపడి, ఫొటో కాస్త అలికిపోయిందనుకోండి. అక్కడ ఎపర్చర్ పాఠాలు మొదలుపెట్టడం బొత్తిగా తెలివితక్కువ పని. ఎప్పుడు కనిపించింది, ఎక్కడ కనిపించింది... రాసిపెట్టుకోమనాలి.

గూడు కనిపించిందా?

అన్నిటికన్నా బరువైన మాట ఇంకోటుంది. ఒక ఫొటోలో పిట్టగూడు, అందులో నోళ్లు తెరిచిన పిల్లలు. వెలుతురు బాగుంది, రంగులు బాగున్నాయి. పరిశీలనగా చూస్తే గూటి చుట్టూ కొమ్మలు విరిచిన గుర్తులు. అడ్డొచ్చాయని తీసేశారన్నమాట. గూటికి ఆ ఆకులే గొడుగు, ఆ ఆకులే తలుపు. అవి పోయాక పిల్లల మీద ఎండ పడుతుంది, కాకికీ పాముకీ దారి తెలుస్తుంది. అలాంటి ఫొటోకి పడే ఒక్కో ‘సూపర్’కీ ఇంకొకరు ఇంకో గూడు వెతుక్కుంటూ బయల్దేరతారు. సముద్రపు తాబేళ్లదీ ఇదే గోడు. దివిసీమ ఇసుకతీరాల్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. పిల్లలు వెలుగున్నవైపు నడుస్తూ సముద్రం చేరతాయి. రాత్రిపూట టార్చీలు, ఫ్లాష్‌లు పడితే దారితప్పుతాయి.

ఇలాంటి చోట మొహమాటం పనికిరాదు. తెలియక చేసినవాళ్లే ఎక్కువ కాబట్టి అరవనక్కర్లేదు కూడా. ‘ఇదెలా తీశావు బాబూ?’ అని అడిగితే చాలాసార్లు వాళ్లే చెప్పేస్తారు. కొమ్మలు విరిచిన మాట బయటికొచ్చాక, ఎంత అందంగా ఉన్నా ఆ ఫొటోని మెచ్చుకోలేమని స్పష్టంగా అనెయ్యాలి. గిజిగాడు గూళ్లు కట్టే తాటిచెట్లు డెల్టాలో కొదవా? దూరం నుంచి పొడుగు లెన్సుతో తీసుకోవచ్చు. మగ గిజిగాడు గూడు సగం అల్లగానే ఆడపక్షి వచ్చి పరీక్ష చేస్తుంది. నచ్చిందంటేనే మిగతా సగం అల్లుతాడు. ఆ తనిఖీ తీసినా మంచి ఫొటోనే.

చెప్పినదాంట్లో సగం అక్కడికక్కడ చేసి చూస్తేనే ఎక్కుతుంది. హంసలదీవి వైపు ఇసుక మీద ఒక తీగ పాకుతుంటుంది. దాని లాటిన్ పేరుకి అర్థం ‘మేకకాలు’. ఆకు గిట్టలా ఉంటుంది మరి. కాలవలో గుర్రం డెక్క, తీరంలో మేక గిట్ట! ఊదారంగు పూలు పొద్దున విచ్చుకుని మధ్యాహ్నానికి వాడిపోతాయి. పన్నెండింటికి నిలబడి, పైనుంచి తీసిన ఫొటోలో వాలిన పువ్వూ గట్టి నీడలూ తప్ప ఏముంటాయి? దానికి మార్కులు వేస్తూ కూర్చునే బదులు ‘రేపు చీకటితోనే బయల్దేరదాం. ఇసుకలో పడుకుని తియ్యాలి, ఓ గోనెసంచి పట్రా’ అనే నేస్తం దొరికితే ఇంకేం కావాలి?