ఇంటి కంప్యూటర్‌కు ఏది అవసరం.. ఏది అనవసరం?

హెచ్చరికలకు బెదిరి కాదు.. పనిని బట్టి సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకోవాలి

పిల్లల చదువు కోసమని కొన్న కంప్యూటర్ తొలి ఏడాది చురుగ్గానే పనిచేస్తుంది. రెండు మూడేళ్లు గడిచేసరికి మీట నొక్కిన చాలాసేపటికి గానీ తెర సిద్ధం కాదు. అంతలో ఇంటర్నెట్‌లో ఏదో వెతుకుతుండగా ఒక ప్రకటన ప్రత్యక్షమవుతుంది. యంత్రంలో వందలాది లోపాలు ఉన్నాయని, తక్షణం సరిచేయకుంటే సమాచారమంతా నశిస్తుందని ఎర్రటి అక్షరాలతో హెచ్చరిస్తుంది. కంగారుపడిన గృహస్థు ఆ సాఫ్ట్‌వేర్‌ను దింపుకొంటాడు. కొందరు సొమ్ము చెల్లించి కొంటారు కూడా. తీరా ఒకనాడు హార్డ్‌డిస్క్ నిజంగానే పాడైతే కొన్న సాఫ్ట్‌వేర్ ఎందుకూ కొరగాదు. పెళ్లి ఫొటోలు, పిల్లల ప్రాజెక్టు పనులు, పొలం పత్రాల ప్రతులు డిస్క్‌తోపాటే పోతాయి. అక్కరలేని దానికి డబ్బు వెచ్చించి, అత్యవసరమైన దానిని విస్మరించడమే ఈ నష్టానికి మూలం.

ఏమిటీ యుటిలిటీలు?

యంత్రాన్ని నడిపించేది ఆపరేటింగ్ సిస్టమ్. ఉత్తరాలు రాయడం, లెక్కలు వేయడం, పాటలు వినడం వంటి పనులకు ఉపకరించేవి అప్లికేషన్లు. ఈ రెండూ సక్రమంగా సాగేలా కంప్యూటర్‌ను కనిపెట్టుకుని ఉండేవి యుటిలిటీలు. ఇంటితో పోల్చి చెప్పాలంటే వైరస్ నిరోధకం తలుపు తాళం వంటిది. వ్యర్థ ఫైళ్లను తొలగించేది చీపురు వంటిది. బ్యాకప్ అంటే విలువైన పత్రాలకు మరో ప్రతి తీసి వేరేచోట భద్రపరచడం.

విండోస్ 98, ఎక్స్‌పీల కాలంలో ఇలాంటి పనిముట్లలో అధిక భాగాన్ని విడిగా సమకూర్చుకోవలసి వచ్చేది. కంప్యూటర్ పత్రికలతోపాటు ఇచ్చే సీడీల నిండా అవే ఉండేవి. ఆ తరువాత వాటిలో అనేకం విండోస్‌లోనే భాగమయ్యాయి. అయినా కంప్యూటర్ కొన్ననాడే పది యుటిలిటీలు నింపే అలవాటు మాత్రం చాలామందిని వీడలేదు. అవన్నీ యంత్రంతోపాటే మేల్కొని మెమొరీని ఆక్రమిస్తాయి. వేగం పెంచుతామని వచ్చినవే వేగం తగ్గడానికి కారణమవుతున్నాయి.

భయమే పెట్టుబడి

లేని లోపాలను చూపి సాఫ్ట్‌వేర్ అమ్మడం పెద్ద వ్యాపారం. సైప్రస్ కేంద్రంగా పనిచేసిన రెస్టోరో, రీఇమేజ్ సంస్థలపై అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చేపట్టిన చర్య ఇందుకు ఉదాహరణ. విండోస్ హెచ్చరికలను పోలిన ప్రకటనలతో వినియోగదారులను, ముఖ్యంగా వృద్ధులను భయపెట్టి, మరమ్మతు సాఫ్ట్‌వేర్‌ను, సేవలను అంటగట్టాయన్నది వాటిపై అభియోగం. ఆ వ్యవహారాన్ని పరిష్కరించుకునేందుకు ఆ సంస్థలు 2.6 కోట్ల డాలర్లు చెల్లించడానికి 2024 మార్చిలో అంగీకరించాయి.

ఒక విషయం గుర్తుంచుకుంటే ఇలాంటి వలలో పడే ప్రమాదం తప్పుతుంది. ఇంటర్నెట్ పేజీలో కనిపించే ప్రకటనకు కంప్యూటర్ లోపల ఏమున్నదో పరిశీలించే వీలు లేదు. అందులో కనిపించే లోపాల సంఖ్య ప్రకటన రాసినవారు ముందే వేసిన అంకె. ఆ పేజీని మూసివేయడమే సరైన సమాధానం. తెరపై కనిపించిన ఫోన్ నంబరుకు కాల్ చేయరాదు. అపరిచితులు చెప్పారని దూరం నుంచి కంప్యూటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్‌ను ఎక్కించరాదు. ఒకవేళ మోసపోయి డబ్బు చెల్లించి ఉంటే జాప్యం చేయకుండా 1930 నంబరుకు ఫిర్యాదు చేయాలి.

తాళం ఒక్కటి చాలు

విండోస్ 8 వెలువడిన 2012 నుంచి వైరస్ నిరోధకం విండోస్‌లోనే ఉంటోంది. డిఫెండర్ పేరిట ఉన్న ఈ రక్షణ సాధారణ గృహ అవసరాలకు సరిపోతుంది. దీనికి ఏటా రుసుము కట్టవలసిన పని లేదు. అదనపు సదుపాయాలు కోరుకునేవారు మరో సంస్థ ఉత్పత్తిని కొనుక్కోవచ్చు. అయితే నిరంతరం కాపలా కాసే నిరోధకాలు రెండింటిని ఒకేసారి నడపరాదు. ఒకదానినొకటి అనుమానించుకుని యంత్రాన్ని నెమ్మదింపజేస్తాయి.

కంప్యూటర్‌తో ఉచితంగా వచ్చిన నిరోధకం గడువు ముగిశాక, దానిని అలాగే వదిలేయడం చాలా ఇళ్లలో జరిగే పొరపాటు. రుసుము కట్టి కొనసాగించాలి. లేదా పూర్తిగా తొలగించి డిఫెండర్ పనిచేస్తున్నదో లేదో సరిచూసుకోవాలి. ఉచితమన్నంత మాత్రాన దేనినైనా స్వీకరించడమూ తగదు. వినియోగదారుల ఇంటర్నెట్ సంచార వివరాలను సేకరించి అనుబంధ సంస్థ ద్వారా విక్రయించిందన్న అభియోగంపై ప్రముఖ నిరోధక సంస్థ అవాస్ట్‌ను 1.65 కోట్ల డాలర్లు చెల్లించాలని 2024లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆదేశించింది.

అప్‌డేట్లను ఆపరాదు

తాళం ఎంత గట్టిదైనా గోడకు కన్నం ఉంటే ప్రయోజనం లేదు. సాఫ్ట్‌వేర్‌లో బయటపడిన కన్నాలను పూడ్చేవే అప్‌డేట్లు. 2017 మే నెలలో వాన్నాక్రై వైరస్ సుమారు 150 దేశాలలో కంప్యూటర్లను స్తంభింపజేసింది. ఫైళ్లకు తాళం వేసి, విప్పడానికి 300 డాలర్ల విలువైన బిట్‌కాయిన్లు డిమాండ్ చేసింది. ఆంధ్రప్రదేశ్‌లో పలు జిల్లాల పోలీసు కార్యాలయాల కంప్యూటర్లూ దాని బారిన పడ్డాయి. అది చొరబడిన కన్నాన్ని పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చిలోనే విడుదల చేసింది. సకాలంలో దానిని అమర్చుకున్న యంత్రాలు గట్టెక్కాయి.

విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. గృహ వినియోగదారుల కోసం మరో ఏడాది పాటు అదనపు భద్రతా అప్‌డేట్ల పథకాన్ని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. యంత్రానికి అర్హత ఉంటే విండోస్ 11కు మారడం మంచిది. దానికి కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ నిల్వ స్థలం, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, ఆమోదిత ప్రాసెసర్ ఉండాలి. అర్హత లేని పాత కంప్యూటర్లలో లినక్స్ మింట్ వంటి ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌ను నడుపుకోవచ్చు. మద్దతు లేని విండోస్‌పై ఎన్ని యుటిలిటీలు పేర్చినా ఆ లోటు తీరదు.

చీపురు ఇంట్లోనే ఉంది

వ్యర్థ ఫైళ్లను తొలగించడానికి విండోస్ 98 నాటి నుంచే డిస్క్ క్లీనప్ అనే పనిముట్టు ఉంది. విండోస్ 10, 11లలో స్టోరేజ్ సెన్స్‌ను ఒకసారి ఆన్ చేసి పెడితే తాత్కాలిక ఫైళ్లను తనంతట తానే తొలగిస్తుంది. కంప్యూటర్ తెరవగానే తమంతట తాము మొదలయ్యే ప్రోగ్రాముల జాబితా టాస్క్ మేనేజర్‌లో ఉంటుంది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలను కలిపి నొక్కితే అది తెరుచుకుంటుంది. అక్కడి స్టార్టప్ విభాగంలో అక్కరలేని వాటిని నిలిపివేస్తే ప్రారంభ సమయం తగ్గుతుంది. ఇందుకు పైసా ఖర్చు లేదు.

రిజిస్ట్రీ క్లీనర్ల జోలికి వెళ్లకపోవడం శ్రేయస్కరం. విండోస్‌కు, ఇతర ప్రోగ్రాములకు సంబంధించిన అమరికలన్నీ రిజిస్ట్రీలో నమోదై ఉంటాయి. అందులోని పనికిరాని నమోదులను తొలగించినందువల్ల వేగం చెప్పుకోదగినంతగా పెరగదు. పొరపాటున అవసరమైనది పోతే విండోస్‌నే మళ్లీ ఎక్కించవలసి రావచ్చు. ఇలాంటి సాధనాల వాడకాన్ని తాము సమర్థించబోమని మైక్రోసాఫ్ట్ కూడా స్పష్టం చేసింది.

పేరున్న సాఫ్ట్‌వేర్ అయినా ముప్పుకు అతీతం కాదు. 2017 ఆగస్టులో వెలువడిన సీక్లీనర్ 5.33 సంచికలోకి దుండగులు హానికర ప్రోగ్రామును చొప్పించారు. సంస్థ సొంత వెబ్‌సైట్ నుంచి దింపుకొన్న వారికి కూడా అదే అందింది. సుమారు 22.7 లక్షల కంప్యూటర్లలోకి అది ప్రవేశించినట్లు వెల్లడైంది. కంప్యూటర్‌లో ఎక్కించిన ప్రతి ప్రోగ్రామూ మరో తలుపు అవుతుందనడానికి ఇదే నిదర్శనం. తలుపులు ఎంత తక్కువైతే కాపలా అంత తేలిక.

డిస్క్ రకాన్ని తెలుసుకోవాలి

పళ్లెం తిరిగే పాత తరహా హార్డ్‌డిస్క్‌లో ఫైళ్లు ముక్కలుగా చెదిరి ఉంటాయి. వాటిని ఒకచోట చేర్చడమే డీఫ్రాగ్మెంటేషన్. చిప్‌లతో పనిచేసే ఎస్‌ఎస్‌డీలకు ఈ ప్రక్రియ అవసరం లేదు. పైగా తరచూ చేస్తే డిస్క్ అనవసరంగా అరుగుతుంది. విండోస్‌లోని ఆప్టిమైజ్ డ్రైవ్స్ డిస్క్ రకాన్ని గుర్తించి తగిన విధంగా వ్యవహరిస్తుంది. కాబట్టి డీఫ్రాగ్ కోసం వేరే సాఫ్ట్‌వేర్ కొననవసరం లేదు. పాత కంప్యూటర్ నిజంగా వేగంగా నడవాలంటే వేగం పెంచే సాఫ్ట్‌వేర్‌పై పెట్టే సొమ్ముకు మరికొంత కలిపి ఎస్‌ఎస్‌డీ వేయించుకోవడం మేలు.

తెలుగు రాయడానికి..

తెలుగు టైపింగ్ కోసం దొరికిన సాఫ్ట్‌వేర్‌నల్లా ఎక్కించేవారు ఎందరో ఉన్నారు. విండోస్ ఎక్స్‌పీ నుంచే ఇన్‌స్క్రిప్ట్ పద్ధతి తెలుగు కీబోర్డు అందులో ఉంది. ఆంగ్ల అక్షరాలతో తెలుగు పలుకును టైప్ చేసే ఫొనెటిక్ కీబోర్డు విండోస్ 10కు 2019లో వచ్చిన అప్‌డేట్‌తో చేరింది. భాషల అమరికలో తెలుగును చేర్చుకుంటే చాలు. డీటీపీ కేంద్రాలలో వాడే అను ఫాంట్లతో రాసిన ఫైలు ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో అర్థంకాని గుర్తులుగా కనిపిస్తుంది. యూనికోడ్‌లో రాసినదైతే ఎక్కడైనా తెరుచుకుంటుంది. దాచుకోదలచిన రాతలను యూనికోడ్‌లోనే ఉంచుకోవాలి.

కుదించిన ఫైళ్లను విప్పడానికి కూడా కొనవలసినది ఏమీ లేదు. జిప్ ఫైళ్లను విండోస్ ఎప్పటి నుంచో తెరుస్తోంది. విండోస్ 11లో 2023 నుంచి ఆర్‌ఏఆర్, సెవెన్‌జడ్ రకాలూ తెరుచుకుంటున్నాయి. పాత విండోస్‌కు సెవెన్‌జిప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ సరిపోతుంది. అది తనంతట తాను అప్‌డేట్ కాదు గనుక కొత్త సంచిక వచ్చిందేమో అప్పుడప్పుడు చూసుకోవాలి.

కరవైనది బ్యాకప్పే

అన్ని యుటిలిటీలలో ముఖ్యమైనది, ఎక్కువమంది పట్టించుకోనిది బ్యాకప్. విండోస్ పాడైతే మళ్లీ ఎక్కించవచ్చు. డిస్క్ చెడితే కొత్తది కొనవచ్చు. డిజిలాకర్‌లో లభించే ధ్రువపత్రాలను మళ్లీ తీసుకోవచ్చు. కాలం చేసిన తల్లిదండ్రుల ఫొటోను మాత్రం ఏ దుకాణమూ అమ్మదు.

విలువైన ఫైళ్లకు మూడు ప్రతులు ఉండాలన్నది నిపుణులు పాటించే నియమం. అవి రెండు రకాల సాధనాలలో ఉండాలి. ఒకటి ఇంటికి వెలుపల ఉండాలి. కంప్యూటర్‌లో ఒకటి, బయటి హార్డ్‌డిస్క్‌లో ఒకటి, ఆన్‌లైన్ నిల్వలో గానీ బంధువుల ఇంట గానీ మరొకటి ఉంటే నియమం పూర్తయినట్లే. విండోస్‌లోని ఫైల్ హిస్టరీ మారిన ఫైళ్లను బయటి డిస్క్‌లోకి తనంతట తానే చేరవేస్తుంది. పని ముగిశాక ఆ డిస్క్‌ను తప్పక విడదీయాలి. తగిలించి ఉంచితే, కంప్యూటర్‌కు సోకిన వైరస్ దానిలోని ఫైళ్లకూ తాళం వేస్తుంది. మూడు నెలలకొకసారి బ్యాకప్ నుంచి ఒక ఫైలును తెరిచి చూడాలి. తెరుచుకోని బ్యాకప్ ఉన్నా లేనట్లే.

పొరపాటున ఫైళ్లు చెరిగిపోతే వెంటనే ఆ డిస్క్‌ను వాడడం ఆపాలి. చెరిపిన ఫైలు స్థానంలో కొత్త సమాచారం చేరనంత వరకే దానిని తిరిగి పొందే అవకాశం ఉంటుంది. ఫొటోరెక్, రెకూవా వంటి సాధనాలను ఫైళ్లు పోయిన డిస్క్‌లోనే ఎక్కించరాదు. వేరే కంప్యూటర్ నుంచి ప్రయత్నించాలి. ఎస్‌ఎస్‌డీలో చెరిగినవి సాధారణంగా దక్కవు. టకటకమనే శబ్దం వస్తున్న హార్డ్‌డిస్క్‌పై ఏ సాఫ్ట్‌వేర్‌నూ ప్రయోగించకుండా నిపుణులకు అప్పగించాలి.

ఎక్కించే ముందు..

* ఆ పనిని విండోస్ స్వయంగా చేస్తుందేమో ముందుగా పరిశీలించాలి.
* తయారీదారు సొంత వెబ్‌సైట్ నుంచే దింపుకోవాలి. వెతుకులాటలో పైన కనిపించే ప్రకటనలలో నకిలీ వెబ్‌సైట్లు ఉండవచ్చు.
* డ్రైవర్ల కోసం వేరే సాఫ్ట్‌వేర్ అక్కరలేదు. విండోస్ అప్‌డేట్, కంప్యూటర్ తయారీదారు వెబ్‌సైట్ చాలు.
* ఎక్కించేటప్పుడు చదవకుండా నెక్స్ట్ నొక్కుకుంటూ పోరాదు. అదనంగా వచ్చే ప్రోగ్రాముల ఎదుట టిక్ గుర్తు తీసివేయాలి.
* ధర ఎగవేయడానికి క్రాక్ ఫైళ్లను ఆశ్రయించరాదు. వైరస్‌లు చొరబడే ప్రధాన మార్గాలలో అదొకటి.
* ఏడాదిగా వాడని వాటిని తొలగించాలి.

ఈ జాబితాను పాటిస్తే ఇంటి కంప్యూటర్‌లో మిగిలే యుటిలిటీలు వేళ్లపై లెక్కించదగినన్నే ఉంటాయి. మిగిలిన డబ్బుతో ఒక బయటి హార్డ్‌డిస్క్ కొని, ఈ ఆదివారమే ఫొటోలకు, పత్రాలకు మరో ప్రతి తీసుకోవడం ఉత్తమం. డిస్క్ ఎప్పుడు పాడవుతుందో ముందుగా ఎవరూ చెప్పలేరు.