సిమ్ము గల యంత్రములు – పంచాయతీలు తీసికొనవలసిన జాగ్రత్తలు

తడ వద్ద జాతీయ రహదారిని విడిచి పడమరగా పోయినచో సత్యవేడు, వరదయ్యపాలెం మండలముల నేలలలో శ్రీ సిటీ కనిపించును. 2008వ సంవత్సరమున ఆరంభమైన ఈ పారిశ్రామిక నగరమున 2015లో సెల్‌ఫోనుల తయారీ మొదలైనది. చుట్టుప్రక్కల గ్రామములనుండి బస్సులలో పోయి, ఫోనులను కూర్చి, పరీక్షించి, పెట్టెలలో సర్దిన కార్మికులలో స్త్రీలే పెక్కుమంది. ఒక తరము క్రిందట టెలిఫోను చేయవలెనన్న పొరుగూరి తపాలా కార్యాలయమునకు నడచిన ప్రాంతమిది.

ఇప్పుడు సెల్‌ఫోను టవరు మనుష్యుల మాటలను మాత్రమే మోయుట లేదు. బోరు మోటారును ఇంటినుండి నడుపు మొబైల్ స్టార్టరు, కూడలిలోని కెమెరా, కొత్త కరెంటు మీటరు, లారీకి అమర్చిన జాడ తెలుపు పరికరము – ఇవి యన్నియు టవరుతో మాటలాడుచున్నవి. వీనిలో చాలవాటికి మనకున్నట్లే సిమ్ము కలదు. యంత్రముల సిమ్ముల కొరకు 2018లో ప్రభుత్వము 13 అంకెల సంఖ్యలను ప్రత్యేకముగా ఏర్పరచినది. 2022 అక్టోబరు 1న మన దేశమున 5జి సేవలు ప్రారంభమైన పిమ్మట ఇట్టి యంత్రములు మరింత పెరుగుటకు మార్గమేర్పడినది. పంచాయతీ నిధులతో వీనిని కొనుచున్నారు గనుక, ఇవి ఎవరి మాట వినును, ఎవరికి ఏమి చెప్పును అను రెండు సంగతులు సభ్యులు తెలిసికొనవలసియున్నది.

మొదట దారి సంగతి. ప్రతి సిమ్ములోను ఒక రహస్య సంఖ్య నిక్షిప్తమై యుండును. దాని జోడు టెలిఫోను కంపెనీ కేంద్రమున మాత్రమే ఉండును. పరికరము టవరును చేరగనే కంపెనీ ఒక క్రొత్త అంకెను పంపి జవాబు కోరును. సిమ్ము తన రహస్య సంఖ్యతో లెక్క కట్టి జవాబిచ్చును. కేంద్రమునందును అదే లెక్క జరుగును. రెండును సరిపోయినచో ప్రవేశము లభించును. రహస్య సంఖ్య మాత్రము గాలిలోనికి రాదు. ఆ మీదట సాగు సంభాషణ టవరు వరకు సంకేత లిపిలో పోవును.

పాత 2జి పద్ధతిలో ఒక లోపము కలదు. పరికరము తానెవరో నిరూపించుకొనవలెను గాని టవరు నిరూపించుకొన నక్కరలేదు. అందువలన దొంగ టవరు నిలిపి మోసగించుట సాధ్యమైనది. 3జి నుండి ఇరుపక్షములును పరస్పరము నిరూపించుకొనుచున్నవి. 5జిలో ఇంకొక మెట్టు పైకి పోయి, సిమ్ము యొక్క శాశ్వత గుర్తింపు సంఖ్యను సహితము కప్పి పంపు ఏర్పాటు చేసినారు. దారిన పోవువాడు విని, ఈ పరికరము ఫలానావారిదని గుర్తించుట దీనివలన కష్టమగును. పొలములలోని స్టార్టరు పెట్టెలలో అనేకము నేటికిని 2జి మీదనే నడచుచున్నవని మరువరాదు.

అయినను మన గ్రామములలో జరుగు నష్టము చాలవరకు దారిలో జరుగునది కాదు. దారికి రెండు కొనల జరుగునది.

ఒక పంచాయతీకి పోయినపుడు మంచినీటి ట్యాంకు మోటారుకు గల మొబైల్ స్టార్టరును చూచితిని. దీనికి ఎవరెవరి నంబర్లు ఎక్కించినారని నడుపువానిని అడిగితిని. అతడు పెట్టెకు సంక్షిప్త సందేశము పంపగా మూడు నంబర్లు తిరిగి వచ్చినవి. ఒకటి అతనిది, ఒకటి సర్పంచిగారిది. మూడవది రెండేండ్ల క్రిందట పని మాని ఊరు విడిచిన మనిషిది. ఆయన సజ్జనుడే కావచ్చును. కాని ఆయన ఫోను ఎవరి చేత బడినను ఆ ఊరి నీరు వారి చేతిలో నున్నట్లే. రాత్రివేళ మోటారు వేసి ట్యాంకు పొర్లింపవచ్చును. వేసవిలో అడుగంటిన బోరుపై ఎండు మోటారు నడిపి చుట్ట కాల్చవచ్చును. పెట్టె రహస్య పదము ఏమని అడిగితిని. కొన్ననాడు పుస్తకములో అచ్చువేసి ఇచ్చినదే నేటికిని ఉన్నది! ఆ పుస్తకము అదే నమూనా కొన్నవారందరి ఇండ్లలోను ఉండునుగదా. సర్పంచిగారు అక్కడికక్కడే రెండును మార్పించిరి. పది నిమిషములు పట్టలేదు.

కర్మాగారమునుండి వచ్చిన రహస్య పదమును మార్చకుండుట వలన ఎంత అనర్థము కలుగునో 2016లో లోకమంతయు చూచినది. మిరాయ్ అను దుష్ట ప్రోగ్రాము ఒకటి ఇంటర్నెట్టుపై తిరుగుచు, కెమెరాలు, రూటర్లు కనబడినచోటనెల్ల కర్మాగారపు పేర్లు, రహస్య పదములు సుమారు 60 జతలు వరుసగా వేసి చూచినది. తలుపు తెరచుకొన్న పరికరములను తన సేవకులుగా చేసికొన్నది. ఆ యేడు అక్టోబరు 21న అట్టి పరికరములన్నియు ఒక్కుమ్మడిగా ఒక అమెరికా సంస్థపై బడగా, ప్రసిద్ధ వెబ్‌సైట్లు అనేకము గంటల తరబడి స్తంభించినవి. కెమెరాల యజమానులకు తమ కెమెరా ఇట్టి పని చేయుచున్నదని తెలియనైనను తెలియదు. ఆ ప్రోగ్రామును వ్రాసిన ముగ్గురు యువకులు 2017లో న్యాయస్థానమున నేరమంగీకరించిరి.

రెండవ కొన సమాచారము చేరు చోటు. పరికరము పంపినది టవరు దాటి కంపెనీ కంప్యూటరులో నిలువ యుండును. అక్కడ దానిని ఎవరు చూతురు, ఎంతకాలము ఉంచుదురు అనుదానికి టవరు బాధ్యత వహింపదు. కరెంటు మీటరునే తీసికొనుడు. కొత్త మీటరు అరగంటకో, అంతకన్న తక్కువ వ్యవధికో వాడకమును నమోదు చేయును. శ్రీ సిటీ పరిసరములలో భార్యాభర్తలిరువురును షిఫ్టులలో పనికి పోవు ఇండ్లు కలవు. ఏ రాత్రులు ఆ ఇల్లు తాళము వేసియుండునో మీటరు లెక్క చూచినవానికి తెలిసిపోవును. పొరుగువానికి చెప్పుటకు సందేహించు సంగతిని మీటరు అడుగకయే చెప్పుచున్నది.

కెమెరా విషయము ఇంకను సున్నితమైనది. దొంగతనములు తగ్గుటకు కూడలిలో కెమెరా పెట్టుట మంచిదే. కాని అది బోరింగు వద్దకు వచ్చు స్త్రీలను, బడికి పోవు బాలికలను దినమంతయు చిత్రించును. ఆ బొమ్మలు ఎవరి ఫోనులో కనబడుచున్నవి? అమర్చిన మేస్త్రీ తన ఫోనులో పరీక్షించి, ఆ సంబంధమును తొలగించెనా? ఈ ప్రశ్న అడుగని పంచాయతీలే ఎక్కువ.

ఏకాంతము పౌరుని ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. 2023లో పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము చేసినది. దాని నిబంధనలు 2025 నవంబరులో ప్రకటితమైనవి; ముఖ్యమైన బాధ్యతలు 18 నెలల గడువు తరువాత అమలునకు వచ్చునట్లు ఏర్పాటైనది. ఇక కెమెరాలకు మాత్రము కేంద్ర ప్రభుత్వము 2024 ఏప్రిల్‌లో ప్రత్యేక భద్రతా నియమములు విధించి, 2025 ఏప్రిల్ నుండి అమలు చేసినది. వాని ప్రకారము పరీక్షలో నెగ్గిన నమూనాలనే అమ్మవలెను. కావున టెండరులో చౌకధరతో పాటు ఆ పరీక్షా పత్రమును కూడ కోరవలెను. పత్రము చూపలేనివాడు ధర ఎంత తగ్గించినను ప్రయోజనము లేదు.

పంచాయతీ చేయగల పని పెద్ద ఖర్చుతో కూడినది కాదు. ఆస్తుల రిజిస్టరులో ఒక పుట కేటాయించి, ఊరిలో పంచాయతీకి గల ఇట్టి పరికరములన్నిటిని వ్రాయవలెను: ఎక్కడ ఉన్నది, సిమ్ము ఎవరి పేరనున్నది, ఎవరి ఫోనులకు అధికారమున్నది, రహస్య పదము ఏనాడు మార్చినారు. రహస్య పదమును మాత్రము ఆ పుటలో వ్రాయరాదు. కార్యాలయపు గోడకును అంటింపరాదు. (ఇది నవ్వుటకు వ్రాసినది కాదు, కంట చూచినదే.) సిమ్ము అమ్మకందారు పేరున నున్నచో పంచాయతీ పేరునకు మార్పించుకొనవలెను. ఉద్యోగి మారిననాడే అతని నంబరు తీసివేయవలెను. కంపెనీ పంపు సాఫ్ట్‌వేరు సవరణలు ఎన్నేండ్లు ఉచితముగా ఇచ్చునో ఒప్పందములో వ్రాయించుకొనవలెను; సవరణ ఆగిన కెమెరా కొంతకాలమునకు తాళము తుప్పుపట్టిన తలుపువంటిదగును.

తమ పేరున ఎన్ని సిమ్ములు ఉన్నవో సంచార్ సాథీ వెబ్‌సైటులో ఎవరైనను చూచుకొనవచ్చును. తమవి కానివానిని అక్కడనే ఫిర్యాదు చేయవచ్చును. పోయిన ఫోనును పనిచేయకుండ ఆపించు వీలు కూడ అందులో కలదు. మోసము వలన డబ్బు పోయినచో ఆలస్యము చేయక 1930కి ఫోను చేయవలెను.

పాతబడిన పరికరమును తూకమునకు అమ్మునపుడు, ముందుగా సిమ్మును తీసి రద్దు చేయించి, కెమెరా పెట్టెలోని నిలువ బొమ్మలను చెరిపించి, రిజిస్టరులో ఆ తేదీ వేసి కార్యదర్శి సంతకము చేయవలెను.