మెతుకుసీమలో మెతుకు విలువ

మా వూరి పేరులోనే అన్నం ఉంది. కాకతీయుల నాడు ఇక్కడి కోటను మెతుకు దుర్గం అనేవారనీ, ఆ మెతుకే జనం నోళ్ళలో నలిగి మెదక్ అయిందనీ పెద్దలు చెబుతారు. ఈ ప్రాంతాన్ని నేటికీ మెతుకుసీమ అనే అంటారు. అటువంటి వూళ్ళో పెళ్ళి భోజనాలైన తరువాత హాలు వెనక్కి వెళ్ళి చూస్తే మాత్రం మనసు చివుక్కుమంటుంది.

ఈ మధ్య ఒక పెళ్ళిలో సగం తిన్న పళ్ళాలను వరసగా తొట్టిలో బోర్లిస్తున్నారు. బగారన్నం, పప్పు, మిఠాయి అన్నీ ఒకటే ముద్ద. పెళ్ళికూతురి తండ్రి నాకు తెలిసినవాడే. "ఇంత ఎందుకు వండించారండీ?" అని అడిగాను.

"ఏం చేయమంటారు సార్! మిగిలితే ఎవరూ ఏమీ అనరు. తక్కువపడితే వియ్యాలవారు పదేళ్ళు అంటారు" అన్నాడాయన.

ఆ మాటలో అబద్ధం లేదు. మనం పారబోసేదాంట్లో చాలా భాగం ఆకలికోసం కాక పరువుకోసం వండినదే!

ఈ వూరికి ఆకలి తెలియనిదా? మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో ఇక్కడ కరువు వచ్చింది. అప్పుడు పాస్నెట్ దొర పేదలకు చర్చి కట్టడంలో పని కల్పించి తిండి పెట్టాడు. 1924 డిసెంబరు 25న ఆ చర్చికి ప్రతిష్ఠ జరిగింది. దాని ఎత్తైన శిఖరాన్ని నేడు తలెత్తి చూసి మెచ్చుకుంటాం. ఆనాడు ఆ రాళ్ళు మోసినవారికి కూలి అన్నమే.

సరే, పారేసిన అన్నం ఏమవుతుంది? మట్టిలో కలిసిపోతుందనుకుంటాం. చెత్తగుట్ట అడుగున గాలి ఆడదు. గాలి లేనిచోట కుళ్ళిన అన్నం నుంచి మీథేన్ అనే వాయువు పుడుతుంది. ఇరవై ఏళ్ళ కాలంలో లెక్క చూస్తే, అది బొగ్గుపులుసు వాయువుకంటె ఎనభై రెట్లకు పైగా భూమిని వేడెక్కిస్తుంది. తమాషా ఏమిటంటే, మంజీర మీది ఘనపురం ఆనకట్ట కింద నీళ్ళు నిలిచిన వరిమళ్ళలోనూ పుట్టేది ఆ వాయువే. పండేటప్పుడు ఒకసారి, పారేశాక మరొకసారి, ఒక్క మెతుకే రెండుసార్లు వేడి పుట్టిస్తుందన్నమాట. తింటే మొదటిదానికైనా ఫలం దక్కుతుంది!

అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టి చూస్తే తెలుస్తుంది గదా. మా వూరి సంగతే లోకమంతటా. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో ప్రకటించిన లెక్క ప్రకారం, 2022లో ప్రపంచంలో 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. అందులో నూటికి అరవై పాళ్ళు ఇళ్ళల్లోనిదే! తొక్కలూ ఎముకలూ కలుపుకొని, మన దేశంలో ఇంటి వృథా మనిషికి ఏడాదికి 55 కిలోలు. నలుగురున్న సంసారానికి రెండు క్వింటాళ్ళు దాటుతుంది. వాతావరణాన్ని వేడెక్కించే వాయువుల్లో నూటికి ఎనిమిది నుంచి పది పాళ్ళు ఆహార నష్టం వల్లనే.

వెనుకటి ఇళ్ళల్లో మిగిలినదానికి ఒక దారి ఉండేది. రాత్రి అన్నం పొద్దున చద్ది అయ్యేది, లేదా తాలింపులో పడి పులిహోర అయ్యేది. కడుగునీళ్ళూ గంజీ కుడితి గోలెంలో పడి బర్రె కడుపు చేరేవి. ఇప్పుడు బర్రె లేదు, గోలెం లేదు. అన్నీ ప్లాస్టిక్ సంచీలో ముడివేసి వీధిలో పెడుతున్నాం.

బర్రెను మళ్ళీ కొనమని నేను చెప్పబోవడంలేదు. తడిచెత్త వేరు చేసి ఇస్తే ఎరువవుతుంది. పెరడుంటే చిన్న గుంట చాలు. శుభకార్యాల్లో కొసరి వడ్డించడం కాదు, అడిగి వడ్డించడం మర్యాద అనుకుందాం. ముట్టని వంటకాన్ని వేడి చల్లారకముందే ఆకలిగొన్నవారికి చేర్చే పని ఎవరిదో ముందుగానే ఒకరికి అప్పగిద్దాం.

అన్నిటికన్న సులువైనది మరొకటి ఉంది. రేపు ఎసట్లో బియ్యం పోసేముందు నిన్న ఎంత మిగిలిందో ఒక్కసారి జ్ఞాపకం చేసుకోండి. పిడికెడు తగ్గిస్తే ఎవరూ పిసినారి అనరు.