నొప్పి బిళ్ళ ఒంట్లోకి వెళ్ళాక ఏం చేస్తుంది?

"సిస్టరమ్మా, ఆ బిళ్ళ వేసుకోకపోతే పనికి వెళ్ళలేను. వెళ్ళకపోతే కూలి రాదు." మా వార్డుల్లో తరచుగా వినే మాట ఇది. రోజంతా కూర్చున్నచోటే కూర్చుని జీడిపిక్కలు ఒలిచే అక్కలకు నడుము నొప్పి, మెడ నొప్పి. కొబ్బరి చెట్లెక్కే అన్నలకు భుజాలు, మోకాళ్ళు. ఆ బాధ నిజం. అందుకే మేము ఎవరినీ కోప్పడం. కాని ఆ బిళ్ళ ఒంట్లో ఏం చేస్తుందో తెలిస్తే, ఎప్పుడు వద్దో మీకే అర్థమవుతుంది.

మందు ప్రయాణం

మింగిన బిళ్ళ కడుపులో కరిగి, చిన్న ప్రేగు గోడల గుండా రక్తంలో చేరుతుంది. ఆ రక్తం ముందుగా కాలేయానికి వెళుతుంది. అక్కడ మందులో కొంత మారిపోతుంది. మిగిలినది ఒళ్ళంతా తిరుగుతుంది. నొప్పి ఎక్కడుందో మందుకు తెలియదు. మోకాలి కోసం వేసుకున్న బిళ్ళ కడుపుకీ, గుండెకీ, కిడ్నీలకీ కూడా వెళుతుంది. చివరకు కాలేయం, కిడ్నీలు దాన్ని బయటకు పంపుతాయి.

కొన్ని మందులు కొద్ది గంటల్లోనే ఒంట్లో సగానికి తగ్గిపోతాయి. అవి రోజుకు రెండు మూడుసార్లు వేసుకోవాలి. బి.పి.కి వాడే ఆమ్లోడిపిన్ సగానికి తగ్గడానికి ఒక రోజు పైనే పడుతుంది. అందుకే అది రోజుకు ఒక్కటి చాలు. కిడ్నీలు బలహీనపడితే కొన్ని మందులు బయటకు పోక ఒంట్లో పేరుకుంటాయి. షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్ మోతాదును డాక్టరు క్రియాటినిన్ చూసి తగ్గించేది ఇందుకే.

నొప్పి ఎలా తగ్గుతుంది?

దెబ్బ తగిలిన చోట శరీరం ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలను తయారు చేస్తుంది. వాటివల్ల నొప్పి, వాపు పెరుగుతాయి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఏసిక్లోఫెనాక్ వంటి మందులు ఆ తయారీని తగ్గిస్తాయి. అయితే కడుపు లోపలి పొరను కాపాడేవీ అవే పదార్థాలు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీల రక్తనాళాలను తెరిచి ఉంచేవీ అవే. ఎండలో చెమటోడ్చి, నీళ్ళు తాగకుండా ఈ బిళ్ళ వేసుకుంటే కిడ్నీలకు రక్తం తగ్గిపోతుంది. వాంతులు, విరేచనాలప్పుడూ అంతే.

మన ఉద్దానంలో

కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్ళను కుదిపిందో మీకు చెప్పనక్కరలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. ఏళ్ళ తరబడి పరిశోధించినా ఇదే కారణమని ఇంకా తేలలేదు. నొప్పి బిళ్ళలవల్లే ఈ జబ్బు వచ్చిందని మేము అనడం లేదు. కాని బలహీనపడిన కిడ్నీలను అవి ఇంకా దెబ్బతీస్తాయి. మీ కిడ్నీలు బలహీనమో కాదో పైకి కనిపించదు. వాటి పని దాదాపు సగం తగ్గేదాకా క్రియాటినిన్ కూడా మామూలుగానే ఉండవచ్చు.

మీరు చేయవలసినవి

1. ఏడాదికోసారి బి.పి. చూపించుకోండి, రక్తం, మూత్రం పరీక్షలు చేయించుకోండి.

2. షాపులో విడి బిళ్ళలు కొనవద్దు. పేరున్న అట్ట అడగండి. ఒకే బిళ్ళలో డైక్లోఫెనాక్, పారాసిటమాల్ కలిసి ఉండవచ్చు.

3. కిడ్నీ జబ్బు ఉంటే నొప్పికి సాధారణంగా ముందు పారాసిటమాల్ ఇస్తారు. అదీ మోతాదు మించితే కాలేయాన్ని పాడుచేస్తుంది. 500 మి.గ్రా. బిళ్ళలు పెద్దవారికైనా 24 గంటల్లో 8 దాటకూడదు. మద్యం తాగేవారికి, కాలేయ జబ్బు ఉన్నవారికి ఇంకా తక్కువ.

4. బి.పి.కి ఎనలాప్రిల్, లోసార్టాన్, మూత్రం ఎక్కువ పోయే బిళ్ళలు వాడేవారు డాక్టరును అడగకుండా నొప్పి బిళ్ళ వేసుకోవద్దు. అలాగని బి.పి. బిళ్ళ మీ అంతట మీరు ఆపవద్దు.

5. పనిచోట నీళ్ళ సీసా దగ్గర ఉంచుకోండి. డయాలసిస్ చేయించుకునేవారు మాత్రం డాక్టరు చెప్పిన కొలత దాటవద్దు.

ఈసారి ఆసుపత్రికి వచ్చేటప్పుడు ఇంట్లో వాడే బిళ్ళలన్నీ, ఆకు మందులతో సహా, ఒక సంచిలో వేసి తీసుకురండి. ఏది ఉండాలో, ఏది తీసేయాలో మీ పక్కన కూర్చుని చూస్తాం.